‘వానికి షుగరేంది?’

మానసిక జబ్బు కూడా షుగరు లాంటిదేనని, అది మెదడుకు వచ్చే జీవక్రియ లోపమని, అంటే తిన్నదాన్ని శక్తిగా మార్చుకోవడంలో వచ్చే లోపమని, ఈ ముక్క జనానికి అర్థమైతే చాలు చిన్నచూపు దానంతటదే పోతుందని ఈమధ్య తరచూ వినబడుతోంది. సదస్సుల్లో చెబుతున్నారు, ఫోన్లలో తిరిగే వీడియోల్లోనూ చెబుతున్నారు. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. ఈ మాటలో మొదటి సగానికి ఆధారాలున్నాయి. రెండో సగం మాత్రం తప్పుదారి పట్టిస్తుందని, పైగా రోగి నెత్తిన కొత్త నింద పెడుతుందని నా వాదన.

మన సీమ జిల్లాల్లో షుగరు గుట్టు కాదు. బస్టాండులో బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పరిచయం లేని పెద్దమనుషులు "నాకు రెన్నూటెనబై", "నాకు మున్నూరు దాటింది" అని చెప్పుకోగలరు. అదే మనిషి మనసుకు మందు వాడుతుంటే ఆ మాత్రలను పాత పేపర్లో చుట్టి, నిద్ర మాత్రలని పేరు పెట్టి, బీరువా అడుగున దాస్తారు. ఇది చూస్తే, మనసు జబ్బుకు షుగరు పేరు తగిలిస్తే సిగ్గు పోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అదే ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ఆడపిల్లకు ఇన్సులిన్ పడితే, ఆ సూది సంగతి మేనమామకు కూడా తెలియనివ్వరు. అరవై ఏళ్ల మగమనిషికి వస్తే మాటల్లో చెప్పుకునే జబ్బే, పద్దెనిమిదేళ్ల పిల్లకు వస్తే మూట కట్టి దాచే జబ్బు అవుతుంది. షుగరు అన్న మాటకు దానికదే మర్యాదేమీ లేదు. అది ఎవరికి వచ్చిందన్న దాన్ని బట్టే మర్యాద.

నిజమున్న సగం

ఇంగ్లండు మానసిక వైద్యుడు హెన్రీ మాడ్స్‌లీ 1879లోనే రాశాడు, మతిభ్రమణం ఎక్కువగా ఉండే కుటుంబాల్లో మధుమేహం కూడా తరచుగా కనబడుతుందని. అప్పటికి ఈ జబ్బులకు మందన్నది లేదు. మొదటి మందు క్లోర్‌ప్రొమజీన్ వాడకంలోకి వచ్చింది 1950లలో. 2017లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన విశ్లేషణ ఇంకా స్పష్టంగా చెప్పింది: మతిభ్రమణానికి వాడే యాంటీసైకోటిక్ మాత్ర ఇంకా వేసుకోని, కొత్తగా స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం లాంటి లక్షణాలున్న తీవ్ర మానసిక జబ్బు) మొదలైన యువకుల్లో కూడా ఇన్సులిన్‌కు శరీరం సరిగా లొంగకపోవడం మామూలు జనంలో కంటే ఎక్కువగా ఉంది. కాబట్టి మొత్తం పాపాన్నీ మాత్రల ఖాతాలో వేయడం కుదరదు.

అలాగని మాత్రలు నిర్దోషులూ కావు. ఒలాంజపిన్, క్లోజపిన్ రెండూ బరువు పెంచడంలో ముందుంటాయి. క్వటయపిన్, రిస్పెరిడోన్ నడిమధ్య. అరిపిప్రజోల్, లురాసిడోన్ తక్కువ. మొదటి రెండూ మెదడులో హిస్టమిన్ హెచ్1, సెరటోనిన్ 2సి అనే గ్రాహకాలను, అంటే కబుర్లు అందుకునే ద్వారాలను మూసేస్తాయి. దాంతో కడుపు నిండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. మనిషి ముద్ద మీద ముద్ద తిన్నా ఇంకా ఆకలిగానే ఉంటుంది. ఇది రుచికి లొంగడమో, కట్టు లేకపోవడమో కాదు. బీపీ మాత్రకు కాళ్లు వాచినట్టే ఇది మాత్రకు పుట్టే ఆకలి.

తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చావులన్నీ ఆత్మహత్యలే అనుకుంటాం. ఎక్కువ భాగం గుండె జబ్బుల్లాంటి శరీరం జబ్బులవల్ల వచ్చేవే.

పేరు మారితే నింద పోతుందా?

జబ్బుకు శరీరంలో కారణం ఉందని చెబితే చిన్నచూపు తగ్గుతుందన్న ఆశ కొత్తది కాదు. ఇరవై ముప్పై ఏళ్ల కిందట మెదడు రసాయనాలని, జన్యువులని ఇదే మాట చెప్పి చూశారు. అమెరికాలో 1996లోనూ 2006లోనూ ఒకే రకం ప్రశ్నలతో జనాభిప్రాయం సేకరించి, 2010లో ఆ ఫలితాలు ప్రకటించారు. పదేళ్లలో ఇది మెదడు జబ్బేనని ఒప్పుకునేవాళ్ల సంఖ్య పెరిగింది. అయితే అలాంటి మనిషిని పక్కింట్లో ఉండనిస్తారా, పనిలో పక్కన కూర్చోనిస్తారా అంటే జవాబు మెరుగుపడలేదు. 2013లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన విశ్లేషణలో తేలింది ఇది: శరీర కారణం చెబితే "వాడి తప్పేమీ లేదు" అనడం కాస్త పెరుగుతుంది. దాంతోపాటు "ఇంక వాడు బాగుపడడు" అన్న నిరాశ కూడా పెరుగుతుంది.

జీవక్రియ అన్న మాటతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. జన్యువు అంటే కనీసం ఎవరి చేతిలోనూ లేనిది అనుకుంటారు. జీవక్రియ అంటే మన ఊళ్లలో అర్థమయ్యేది తిండి. తిండి అంటే వంటిల్లు. వంటిల్లు అంటే అమ్మ. మెదడు రసాయనం పేరు చెప్పి రోగి మీద నుంచి దించిన నిందను, జీవక్రియ పేరు చెప్పి మళ్లీ రోగి పళ్లెంలోనూ తల్లి గరిటెలోనూ పెడతాం. "తినేది, పండుకునేది, ఒళ్లు పెంచేది. ఇంగ మనసెట్ల బాగైతాది?" అనే మాటకు శాస్త్రం ముద్ర కూడా దొరుకుతుంది. పిచ్చి అన్న చిన్నచూపు ఒకటి, లావు అన్న చిన్నచూపు ఇంకొకటి. ఒకే మనిషి రెండింటినీ మోయాలి.

మందులు పక్కన పెట్టి కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ ఉండే డైటుతోనే జబ్బు నయమవుతుందని చెప్పే వీడియోలూ ఈ దారిలోనే వస్తున్నాయి. కీటో డైటు మీద పరిశోధన జరుగుతున్న మాట నిజం. 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ప్రచురించిన తొలి ప్రయత్నంలో ఆశపెట్టే ఫలితాలే వచ్చాయి. అందులో ఉన్నది ఇరవై మందికి కాస్త పైన. పోల్చడానికి మరో జట్టు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు మందులు వాడుతూనే డైటు పాటించారు. వీడియోల్లో ఈ ఆఖరి వాక్యం మాయమైపోతోంది.

దాహం

చిన్నచూపు అసలు పనిచేసే చోటు చూడాలంటే తిట్ల దగ్గర వెతకనక్కర్లేదు. దాహం దగ్గర చూడండి.

ఒలాంజపిన్ మొదలుపెట్టి నాలుగు నెలలైన ఇరవై రెండేళ్ల కుర్రాడు అనుకోండి. ఏప్రిల్ నెల, కర్నూలు ఎండ. బిందె దగ్గరే కూర్చుని చెంబుల కొద్దీ నీళ్లు తాగుతున్నాడు. ఇంట్లోవాళ్లు ఎండలనుకుంటారు. రాత్రి నాలుగైదుసార్లు లేచి బయటికి వెళ్తుంటే మనసు మళ్లీ చెదిరిందనుకుంటారు. ఆసుపత్రికి తెస్తే అక్కడ ఇంకో వివరణ సిద్ధంగా ఉంటుంది: స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో కొందరు అవసరం లేకున్నా విపరీతంగా నీళ్లు తాగుతారు. అది పుస్తకాల్లో ఉన్నదే, నిజమే. అలా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా వస్తాయి. ఎండ ఒక కారణం, జబ్బు ఒక కారణం, మూడోదాని గురించి ఎవరూ అడగరు. అడిగితే "వానికి షుగరేంది, మనసు బాగలేనోడు గదా" అనే జవాబు.

వేలు గుచ్చి స్ట్రిప్పు మీద ఒక చుక్క వేస్తే కొన్ని సెకన్లలో తేలే విషయమిది. తేల్చకపోతే వాంతులు, కడుపునొప్పి, లోతైన ఎగశ్వాస, మగత వస్తాయి. ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్లలో షుగరు ఉన్నట్టుండి పెరిగి రక్తం ఆమ్లంగా మారే ఈ ప్రమాదం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే కనబడుతుంది. కొందరు అప్పటికి పెద్దగా లావెక్కి కూడా ఉండరు. మగతగా ఉన్న మనిషిని నీరసమని ఊరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మొదట ఎక్కేది గ్లూకోజు సీసా. షుగరు ఐదొందలున్న ఒంట్లోకి మరింత చక్కెర. మానసిక మందులు వాడే మనిషికి సెలైన్, గ్లూకోజు ఏ సీసా పెట్టేముందైనా వేలు గుచ్చి చూడాలి. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోమంటాను.

లక్షణం ఏదైనా సరే పాత మానసిక జబ్బు ఖాతాలో వేసేయడం మన జిల్లాలకే పరిమితం కాదు. 2000లో పరిశోధకుడు డ్రస్ బృందం జామా అనే అమెరికా వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, గుండెపోటుతో చేరిన, 65 ఏళ్లు దాటిన లక్షా పదమూడు వేల మంది అమెరికన్ల వివరాలు చూశారు. మానసిక జబ్బు లేనివాళ్లలో 16.8 శాతం మందికి యాంజియోప్లాస్టీ జరిగితే, ఉన్నవాళ్లలో 11.8 శాతం మందికే జరిగింది. దాదాపు 1,500 మంది స్కిజోఫ్రీనియా రోగులతో నడిచిన కేటీ అధ్యయనంలో, చేరేనాటికి షుగరు ఉన్నవాళ్లలో 30 శాతం మందికి, బీపీ ఉన్నవాళ్లలో 62 శాతం మందికి, కొవ్వులు ఎక్కువున్నవాళ్లలో 88 శాతం మందికి వాటికి వైద్యమే అందడం లేదు. వాళ్లంతా డాక్టరు దగ్గరికి వెళ్తున్నవాళ్లే. వాళ్లను ఎవరూ తిట్టి ఉండరు. ఎవరూ వాళ్ల చేతికి బీపీ పట్టీ చుట్టలేదు, అంతే.

టేపు, తూకం, తేదీ

ఏం కొలవాలో, ఎప్పుడు కొలవాలో అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి 2004లోనే రాసిపెట్టాయి. మందు మొదలుపెట్టే రోజు బరువు, నడుం కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొవ్వుల పరీక్ష. తర్వాత 4, 8, 12 వారాలకు బరువు. 12వ వారంలో బీపీ, షుగరు, కొవ్వులు మళ్లీ. ఆ తర్వాత మూడు నెలలకోసారి బరువు, ఏడాదికోసారి షుగరు, బీపీ. ఇందులో చాలావరకు మన పీహెచ్‌సీలో చేయగలిగినవే.

నడుం కొలిచేటప్పుడు జరిగే తప్పులు మాత్రం చాలా. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక అంచుకూ సరిగ్గా మధ్యలో, చర్మం మీద, టేపు నేలకు సమాంతరంగా ఉండాలి. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. చీర కుచ్చిళ్ల మీదుగా కొలిస్తే కొన్ని సెంటీమీటర్లు ఊరికే పెరుగుతాయి. పంచె, లంగా ముడి ఉన్న చోట కొలిస్తే అది కట్టుకున్న బిగువును చూపిస్తుంది కానీ పొట్టను కాదు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మన దేశస్థులకు హద్దు. పైన చొక్కా లేకుండా నిలబడడానికి మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు సంకోచిస్తారు. ఒక తెర, ఒక నర్సమ్మ ఉంటే ఆ సంకోచం తీరుతుంది.

బరువుకు ప్రతిసారీ ఒకే తూకం మిషను వాడాలి. చెప్పులు విప్పించాలి, ముల్లు సున్నా దగ్గరుందో లేదో చూడాలి. అరవై కిలోల మనిషి మొదటి నెలలోనే మూడు కిలోలకు మించి పెరిగాడంటే, అంటే ఐదు శాతం దాటితే, అతను ముందుముందు ఇంకా బాగా పెరుగుతాడని లెక్క. మందు మార్చాలా, ఇంకోటి కలపాలా అని ఆలోచించే సమయం అదే. ఇరవై కిలోలు పెరిగాక ఆలోచిస్తే తగ్గించడం చాలా కష్టం.

హెచ్‌బీఏ1సీ ఒక్కటి చేయిస్తే చాలదా అంటారు. అది రెండు మూడు నెలల సగటు. మందు మొదలైన కొత్తలో హఠాత్తుగా పెరిగిన చక్కెరను అది తక్కువ చేసి చూపిస్తుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లలోనూ అది తేడాగా రావచ్చు. మన పల్లెల్లో రక్తహీనత ఎంతమందికుందో వేరే చెప్పక్కర్లేదు. మొదటి మూడు నెలలు పరగడుపు షుగరే నమ్మకం.

ఇక్కడ ఒక చిక్కు మన దగ్గర ప్రత్యేకంగా ఉంది. చిక్కిపోయి, తిండి మానేసి, రాత్రిళ్లు తిరిగిన పిల్లవాడు మాత్రలు మొదలయ్యాక బుగ్గలు పూడి ఇంటిపట్టున ఉంటే "బాగ ఒళ్లొచ్చింది, మనిషైనాడు" అని ఊరంతా సంతోషిస్తుంది. కరువులు చూసిన నేల మీద ఒంటి మీద కండ కనబడటమే ఆరోగ్యం. తల్లి కళ్లలో అది కోలుకోవడమే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆమెతో బరువు ప్రమాదమని మొదటి రోజే మొదలుపెడితే, మందు విషమని అర్థం చేసుకుంటుంది. పిల్లవాడు కోలుకున్నాడని ముందు ఒప్పుకుని, ఆ తర్వాత "ఇక్కడ ఆపుదాం, ఇంతకంటే పెరగనివ్వొద్దు" అని చెప్పడం మేలు.

మాత్ర ఆపితే?

బరువు పెరుగుతోందని ఇంట్లోనే మాత్ర ఆపేయడం చాలా మామూలుగా జరిగే పని. ఇక్కడ నా వాదన మీద నాకే అనుమానం వస్తుంది. మందుల దుష్ప్రభావాల గురించి ఇలా గట్టిగా రాస్తే చదివినవాళ్లు మాత్రలు పారేస్తారేమోనని. అందుకే ఫిన్లండు లెక్క కూడా చెప్పాలి. 66 వేలకు పైగా స్కిజోఫ్రీనియా రోగులను పదకొండేళ్లపాటు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ మందూ వాడనివాళ్లలోనే మరణాలు ఎక్కువ. అన్నిటికన్నా తక్కువ మరణాలు క్లోజపిన్ వాడినవాళ్లలో. బరువు విపరీతంగా పెంచే మందే అది! ఆ లెక్క మీద విమర్శలు వచ్చాయి. 2020లో ఇరవై ఏళ్ల గమనింపుతో మళ్లీ చూసినప్పుడూ ఫలితం అటే మొగ్గింది. మనసు కుదురుగా ఉన్న మనిషి తింటాడు, నిద్రపోతాడు, ఆసుపత్రికి వస్తాడు. అది కూడా ఆయుష్షే.

మధ్యేమార్గాలున్నాయి. డాక్టరు చెప్పినట్టు కొన్ని వారాల మీద కొద్దికొద్దిగా తక్కువ బరువు పెంచే మందుకు మారడం ఒకటి. మెట్‌ఫార్మిన్ కలపడం ఇంకొకటి. 2008లో చైనాలో 128 మంది కొత్త రోగులపై జరిగిన ప్రయోగంలో మెట్‌ఫార్మిన్, తిండి, నడక మార్పులు రెండూ కలిపినవాళ్లకు బరువు బాగా తగ్గింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినా, తిండి, నడక మార్పులు ఒక్కటే పాటించినవాళ్లకంటే మేలైంది. మామూలుగా మూత్రపిండాల పరీక్ష చూశాక, రాత్రి భోజనం తర్వాత 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికో రెండు వారాలకో కొంచెం పెంచుతారు. తొందరపడి పెంచితే విరేచనాలు పట్టుకుని మనిషి రెండు మందులూ మానేస్తాడు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు దాన్ని తాత్కాలికంగా ఆపాలి. ఏళ్ల తరబడి వాడితే బీ12 చూపించుకోవాలి.

ఇంకో సంగతి బీడీల గురించి. పొగలో ఉండే పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును ఉసిగొల్పి ఒలాంజపిన్‌ను, క్లోజపిన్‌ను తొందరగా ఖర్చు చేసేస్తాయి. రోజుకో కట్ట కాల్చే మనిషి ఉన్నట్టుండి మానేస్తే, అదే మోతాదు మాత్ర రక్తంలో పెరిగి మగత ఎక్కువవుతుంది. బీడీ మానడం మంచిదే. డాక్టరుకు చెప్పి మానాలి.

సంగటి, ఉగ్గాని, రాత్రి ఆకలి

తిండి సలహాలన్నీ ఓట్సు, సలాడ్ల మీదే నడుస్తాయి. అనంతపురం పల్లెలో అవి సలహాలే కావు. జొన్నరొట్టె, ఊరిబిండి, ఆకుకూర పప్పు మన దగ్గరున్నవే, మంచివే. రాగిసంగటి కూడా మంచిదే. కాకపోతే ఇవాళ్టి సంగటిలో సగం పైన బియ్యమే, రాగిపిండి రంగుకు. ఉగ్గాని బొరుగులతో చేసేది, చక్కెర గబగబా పెంచుతుంది. పక్కనే మిరపకాయ బజ్జీ ఉండనే ఉంటుంది. అసలు దొంగ మాత్రం నోరెండిపోవడం. ఒలాంజపిన్ నోరు ఎండగడుతుంది. ఎండకు తోడు ఇదీ చేరితే చేయి రంగు సోడా సీసా మీదికి పోతుంది. దాని బదులు పల్చటి మజ్జిగ, ఉప్పు తగ్గించి, ఎప్పుడూ చేతికందేచోట పెట్టడం ఇంట్లో చేయగలిగిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది.

రాత్రి పదింటికి వచ్చే ఆకలిని తిట్టి ఆపలేం. ఒలాంజపిన్ మాత్ర రాత్రి వేసుకుంటే ఆకలి కూడా దాని వెంటే వస్తుంది. కాబట్టి మాత్ర వేసుకున్నాక ఎక్కువసేపు మెలకువగా ఉంచకుండా పడుకోబెట్టాలి. లేచి వెతుక్కుంటే దొరికేవి గుప్పెడు ఉడికించిన శెనగలో, దోసకాయో అయ్యేట్టు చూసుకోవాలి. అన్నం గిన్నెకు తాళం వేసే ఇళ్లున్నాయి. అది ఆకలిని ఆపదు, మనిషిని దొంగను చేస్తుంది.

"ముందు మనసు కుదుటపడనీండి"

ఇది నేను తేలిగ్గా కొట్టిపారేయలేని అభ్యంతరం. ఒక సైకియాట్రిస్టు పొద్దున ఓపీలో వందమందిని చూడాలి. గొడవ చేస్తున్న రోగికి టేపు చుట్టే తీరికెక్కడిది? మనసు నిలబడ్డాక చూద్దాంలే అంటారు. కానీ బరువు వేగంగా పెరిగేది ఆ మొదటి పన్నెండు వారాల్లోనే. మనసు కుదుటపడేలోగానే ఒంటికి జరగాల్సింది జరిగిపోతుంది. పైగా కొలవాల్సింది సైకియాట్రిస్టే అని ఎక్కడా లేదు.

ఆ పని చేయగల వ్యవస్థ మనకు ఊరూరా ఉంది. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు బీపీ, షుగరు పరీక్షలు చేస్తూనే ఉన్నారు. అయితే ఆ పరీక్షల జాతీయ కార్యక్రమం జాబితా 30 ఏళ్లతో మొదలవుతుంది. స్కిజోఫ్రీనియా ఎక్కువగా మొదలయ్యేది పదహారు పదిహేడు నుంచి ముప్పై లోపు. ఒలాంజపిన్ మింగుతున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు ఆ జాబితాలో లేడు. ఎవరూ కావాలని తీసేయలేదు, వయసు గడి దగ్గర ఆగిపోయాడు. మానసిక మందులు వాడే ఎవరినైనా వయసుతో పని లేకుండా ఈ జాబితాలో చేర్చమని ఒక్క ఉత్తర్వు చాలు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 21వ సెక్షనులో, వైద్యమంతటిలోనూ మానసిక రోగిని శరీరం జబ్బున్న రోగితో సమానంగా చూడాలని చెబుతోంది. ఈ సెక్షనును బీమా గొడవల్లోనే వాడుతున్నాం. గ్లూకోమీటరు విషయంలోనూ అది వర్తిస్తుందని నా అభిప్రాయం. దేశమంతటికీ విస్తరించిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా తయారైంది మన పక్కనే, బళ్లారిలో, 1980లలో. పీహెచ్‌సీ డాక్టరుతో, ఆరోగ్య కార్యకర్తలతో మానసిక జబ్బులకు వైద్యం నడిపించవచ్చని అక్కడ చూపించారు. మనసు మందును పీహెచ్‌సీ దాకా తెచ్చిన దారిలోనే షుగరు పరీక్షనూ ఆ రోగి దాకా తేవచ్చు.

వ్యవస్థ కదిలేలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఓపీ చీటీ వెనకవైపు నాలుగు గీతలు గీసి తేదీ, బరువు, నడుం, పరగడుపు షుగరు రాసుకోండి. మొదటి వరుస మందు మొదలైన రోజుది. వచ్చే నెల చీటీ బల్ల మీద పెట్టేటప్పుడు ఆ వెనకవైపే పైకి ఉండేట్టు పెట్టండి.